అమ్మ పేరు మీద బెంచీ

మార్చి 3

చెల్లెలికి,

విషయం: అమ్మ జ్ఞాపకార్థం తగిన ఏర్పాటు చేయుట.
సూచిక: గత ఆదివారం ఫోనులో నువ్వు అరిచిన అరుపు.

అమ్మ పోయిన నాటి నుంచి మనం ఫోనులో మాట్లాడుకున్న ప్రతిసారీ, నా వాక్యం క్రియాపదం దాకా చేరకముందే నువ్వు ఫోను పెట్టేస్తున్నావు. మునిసిపాలిటీ నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసేవాడికి ఇది కొత్త కాదు; నీళ్ళు రానివాళ్ళు రోజూ ఇదే చేస్తారు. అయినా కుటుంబ వ్యవహారాలు సగం వాక్యాలతో నడవవు కనుక ఇకపై ఉత్తరాల ద్వారా సంప్రదించాలని నిర్ణయించడమైనది. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేసే సదుపాయం లేదు. చింపవచ్చు. కానీ చింపేముందు చివరి దాకా చదివి, ఆ తరువాతే చింపే గుణం నీది.

నీ అరుపు సారాంశాన్ని నేను ఇలా గ్రహించాను: అమ్మ ఫోటో పెద్దది చేయించి గోడకు తగిలించి చేతులు దులుపుకోరాదు, అమ్మకి చేసేది అమ్మలాగే ఉండాలి. సమంజసమైన కోరిక. దానిపై విచారణ జరిపాను.

ఈ ఊళ్ళో ‘స్మృతి సేవలు’ అనే సంస్థ ఒకటి ఉన్నది. టైర్ల దుకాణం పక్కన, ఏసీ గది. లోపల టై కట్టుకున్న మనిషి ఒకడు, పడుకున్న పిల్లాడిని లేపకూడదన్నట్టు మెల్లగా మాట్లాడుతూ, రంగుల పుస్తకం ముందు పెట్టాడు. మొదటి పేజీలో, పోయినవారి బూడిదను గాజుపూసలో పెట్టి ఉంగరానికి పొదిగి ఇస్తామన్నారు. అమ్మ చేతికి ఉంగరం ఎన్నడైనా చూశావా? గుడ్డకి దారాలు లేస్తాయని పెట్టుకునేది కాదు. తరువాత, ఒక నక్షత్రానికి పోయినవారి పేరు పెట్టిస్తామన్నారు. ఇది బావగారు కూడా సూచించారని నువ్వు అన్నావు. బావగారికి నా నమస్కారాలు. అమ్మ తల పైకెత్తి చూసినది ఇంటి కప్పు కారుతోందేమోనని మాత్రమే. ఆ తరువాత, పోయినవారి గొంతు వినిపించే దిండు. మన దగ్గర ఉన్న అమ్మ గొంతు ఒకే ఒక రికార్డింగు. అందులో అమ్మ ‘ఇది ఆన్‌లో ఉందా? ఆపెయ్యండ్రా, బ్యాటరీ అయిపోతుంది’ అంటుంది. తల కింద నుంచి ఆ మాట వింటూ నిద్రపోగల శక్తి నాకు లేదు.

పోయినవారి బట్టలతో బొంత కుట్టే పద్ధతి ఒక్కటి నాకు నచ్చింది. అమ్మ దుకాణానికి వేసుకెళ్ళే నీలం కోటు మధ్యలో పెట్టి కుట్టిద్దామనుకున్నాను. అయితే అమ్మ పోయిన వారంలోనే బట్టల దుకాణం వాళ్ళు మనిషిని పంపి ఆ కోటు తీసుకుపోయారు. అది సంస్థ ఆస్తి అట. నాకు రసీదు ఇచ్చారు.

అన్నీ పరిశీలించిన మీదట బెంచీ వేయించాలని నిర్ణయించాను. అమ్మ పనిచేసిన దుకాణం ఎదురుగా ఉన్న చిన్న పార్కులో, రెండో గేటు పక్కన. చెక్క పలకలు, ఇనుప చేతులు, వీపు ఆనే చోట ఇత్తడి ఫలకం. ‘ఎదురుగా బట్టల దుకాణంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మా అమ్మ జ్ఞాపకార్థం’ అని రాయిస్తున్నాను. పార్కుల విభాగం మా పై అంతస్తులోనే ఉన్నది. వాళ్ళ ఫౌంటెన్ పైపు పగిలినప్పుడల్లా నా బల్ల దగ్గరకే వస్తారు కనుక అనుమతి ఒక్క రోజులో వచ్చింది. ఇది రికార్డు అని చెప్పారు.

నీ సమ్మతి లేదా అభ్యంతరం తెలుపగలవు. సమ్మతి ముందుగా పరిశీలించబడును.

మీ వదిన నిన్ను అడిగినట్టు చెప్పమన్నది. చెప్పాను.

ఇట్లు,
అన్నయ్య

•

మార్చి 9

గెజిట్ అన్నయ్యకి,

టికెట్ కౌంటర్లో భోజన విరామంలో రాస్తున్నాను. గాజు అవతల ఒకాయన నిలబడి, ‘ఏమ్మా, తినడమూ లేదు, టికెట్టూ ఇవ్వడం లేదు, ఏం చేస్తున్నట్టు?’ అంటున్నాడు. మా అన్నయ్యని తిడుతున్నానని చెప్పాను. ‘అయితే కానివ్వండి’ అని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

బెంచీయా, అన్నయ్యా?

ఆ పార్కు నేనెరగనా? పేకాడేవాళ్ళు, పడుకునేవాళ్ళు, పెళ్ళాం మీద అలిగి వచ్చేవాళ్ళు. అమ్మ పేరుకి వీపు ఆనించి గోళ్ళు కత్తిరించుకుంటారు. ఒకడు తడి తువ్వాలు ఆరేస్తాడు. అమ్మ ఏం చేసిందని ఆ పేరు తీసుకెళ్ళి ఊళ్ళో వాళ్ళందరి వీపుల కింద పెట్టడం?

అసలు అమ్మ ఎప్పుడైనా కూర్చుందా? ఇంట్లో మనం తింటుంటే తలుపుకి ఆనుకుని, కంచం చేత్తో పట్టుకుని నిలబడి తినేది. కూర్చోవే అంటే, ‘కూర్చుంటే లేవలేను, ఇలాగే బావుంది’ అనేది. పండగొచ్చినా పబ్బమొచ్చినా నిలబడే. హాస్పిటల్లో డాక్టరు మనల్ని అడిగిన మొదటి ప్రశ్న గుర్తుందా? ‘ఆవిడ ఎక్కువసేపు నిలబడి పనిచేస్తారా?’ కాలి నరాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎక్కిందని చెప్పాడు. నువ్వు అప్పుడు జేబులోంచి పెన్ను తీసి జబ్బు పేరు స్పెల్లింగు అడిగావు.

నేను రోజంతా కూర్చుని జీతం తీసుకునే మనిషిని. నా కింద ఉన్న ఈ తిరిగే కుర్చీ అమ్మ నిలబడి సంపాదించి పెట్టింది. ఇక్కడ కూర్చుని నీ ఉత్తరం చదివితే ఒళ్ళు మండిపోయింది.

కోటు తీసుకెళ్తుంటే రసీదు తీసుకున్నావా? మన అమ్మ చెమట వాళ్ళ ఆస్తా? తలుపు మొహాన వెయ్యాల్సిందిపోయి, సంతకం సరిగ్గా ఉందా లేదా చూసి ఉంటావు. చూశావా లేదా, నిజం చెప్పు.

అమ్మ షాపుకి వేసుకెళ్ళే చెప్పులు మాత్రం నా దగ్గరున్నాయి. నల్లవి, పట్టీ తెగితే నీలం దారంతో తనే కుట్టుకున్నవి. మడమ దగ్గర ఒకవైపే అరిగిపోయి ఉంటాయి. అవి ఎవడికీ ఇవ్వను. రసీదు ఇచ్చినా సరే.

అమ్మ పేరు పెట్టాక ఆ బెంచీకి కాస్త గౌరవం అనేది ఉండాలి. ఉండదనుకుంటే ఊడబెరికి నీ ఆఫీసులో వేయించుకో.

మీ బావ నక్షత్రం సంగతి ఇంకా వదల్లేదు. నేను కౌంటరు తెరవాలి.

గుండుసూది

•

మార్చి 20

చెల్లెలికి,

విషయం: స్మారక బెంచీకి గౌరవం కల్పించుట.
సూచిక: నీ లేఖ, అందులోని వీపులు, గోళ్ళు, తడి తువ్వాలు.

రసీదు మీద సంతకం సరిగ్గానే ఉన్నది. నిజం చెప్పమన్నావు కనుక చెప్పాను.

నీ ఉత్తరం చేరేలోపే బెంచీ వేసేశారు. నీ అభ్యంతరం చదివి కొంత బాధ కలిగినా, అది న్యాయమైనదని అంగీకరించక తప్పలేదు. గౌరవం అనేది ఉండాలన్న నీ ఆదేశాన్ని అక్షరాలా అమలు చేశాను. పార్కుల అధికారి దగ్గరకు వెళ్ళి బెంచీని ‘రక్షిత స్మారకం’ వర్గంలో చేర్పించాను. ఆ వర్గంలో ఇంతవరకు ఉన్నది ముక్కు విరిగిన గుర్రం మీద కూర్చున్న ఎవరిదో విగ్రహం ఒక్కటే. దాని సరసన ఇప్పుడు అమ్మ పేరు ఉన్నది.

బెంచీ చుట్టూ నాలుగు స్తంభాలు పాతి గొలుసు కట్టించాను. ముందు ఒక బోర్డు: ‘ఇది స్మారకం. గౌరవార్థం ఎవరూ కూర్చోరాదు.’ అక్షరాలు పెద్దవి. గేటు దగ్గర నుంచే కనపడతాయి.

అధికారి కాస్త తటపటాయించి, “కూర్చోకూడని బెంచీ మా పార్కులో ఇదే మొదటిదండీ” అన్నాడు. మొదటిది ఎప్పుడూ ఒకటి ఉండాలి కదా అన్నాను.

అంతకుముందు మధ్యాహ్నం పూట దుకాణం అమ్మాయిలు కొందరు వచ్చి కూర్చుంటున్నారని తెలిసింది. స్వయంగా వెళ్ళి లేపించాను. గౌరవంలో మినహాయింపులు ఉండవు. నువ్వు సంతోషిస్తావని ఆశిస్తున్నాను. నీ సంతోషం కొరకే ఇదంతా జరిగినది.

ఇంకొక సంగతి. దుకాణం ఓనరు మా ఆఫీసుకు వచ్చాడు. అమ్మ కోటును అద్దాల ఫ్రేములో బిగించి, దుకాణంలో గోడకు పెట్టి, పెద్దలను పిలిచి ఆవిష్కరిస్తాడట. కింద ‘ముప్పై ఏళ్ళు మాతో నిలిచిన మనిషి’ అని రాయిస్తాడట. కుటుంబం తరఫున ఎవరైనా వస్తే నిండుగా ఉంటుందట. ఆలోచించి చెబుతానన్నాను. వెళ్తూ వెళ్తూ మా గదిలో కుళాయి కారుతోందని ఫిర్యాదు చేశాడు. నీటి సరఫరా విభాగంలో కుళాయి కారడం గురించి బయటివాళ్ళు మాట్లాడటం నాకు నచ్చదు.

ఇట్లు,
అన్నయ్య

•

మార్చి 26

అన్నయ్యా,

ఉత్తరం చదివి కౌంటరు మూసేశాను. ‘సాంకేతిక లోపం’ అని బోర్డు పెట్టాను. లోపం నీదే.

అమ్మ కౌంటర్లో ఇప్పుడు నిలబడే అమ్మాయి ఎవరో తెలుసా నీకు? గుడ్డ చింపకుండా కొలవడం దగ్గర నుంచి అన్నీ అమ్మే నేర్పింది. తిండి పిచ్చుకంత తింటుందని పిచ్చుక అని పేరు పెట్టింది. ఆ పిచ్చుకకి ఇప్పుడు ఏడో నెల. నిన్న నాకు ఫోను చేసింది.

“అక్కా, అమ్మగారి పేరుతో బెంచీ వేశారు కదా, మధ్యాహ్నం కాసేపు అక్కడ కూర్చునేవాళ్ళం. కాళ్ళు పైకి పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది. ఎవరో పెద్దాఫీసరు వచ్చి లేవండి లేవండి అన్నాడు. మాకు ఆవిడ తెలుసు సార్ అంటే, అందుకే లేవమంటున్నా అన్నాడు. గొలుసు కూడా కట్టించాడు.”

ఆ పెద్దాఫీసరు మా అన్నయ్యే అని చెప్పకుండా, కాళ్ళు జాగ్రత్తే అని ఫోను పెట్టేశాను.

బతికున్నన్నాళ్ళూ కూర్చోనివ్వలేదు వాళ్ళు. చచ్చాక బెంచీ వేసి, దాని మీద కూర్చోకూడదని నువ్వు బోర్డు పెట్టావు. వాళ్ళకి ఇంత తెలివి కూడా లేదు, నీకుంది.

అమ్మ ఎందుకు కూర్చోలేదో నీకు తెలుసా? అలవాటు అనుకున్నావు కదూ? నీకు చెప్పలేదు, నాకు చెప్పింది. ఆ షాపులో కుర్చీలు కస్టమర్లకే. పనిచేసేవాళ్ళు కూర్చుంటే ఆ రోజు హాజరు ఉండదు. కాళ్ళు మరీ లాగేస్తే అమ్మ చేతిలో ఒక డ్రెస్సు పట్టుకుని ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుని, మూలనున్న చిన్న చెక్క మీద కూర్చునేది. బయటివాళ్ళకి ఎవరో బట్టలు వేసుకుని చూసుకుంటున్నారనిపించాలి. కొన్నాళ్ళు జరిగింది. ఓనరుకి అనుమానం వచ్చింది. వడ్రంగిని పిలిచి తలుపులన్నీ కింద మోకాలెత్తు కోయించాడు. అడిగితే గాలి కోసం అన్నాడు. అప్పటి నుంచి అటూ ఇటూ తిరుగుతూ తలుపుల కింద చెప్పులు చూసేవాడు. నీలం దారం కుట్టిన నల్ల చెప్పులు కనిపిస్తే వేలితో తలుపు మీద టక్ టక్. ఒక్క మాట ఉండేది కాదు. తట్టడమే. అమ్మ లేచి, ఆ డ్రెస్సు మడిచి, బయటికొచ్చేది.

ఇంట్లో ఎప్పుడో కాసేపు కూర్చున్నా, ఎవరైనా తలుపు తడితే ఉలిక్కిపడి లేచేది, గుర్తుందా? మనం నవ్వేవాళ్ళం.

ఆ గొలుసు విప్పించు. ఆ మనిషికి అమ్మ కోటు మీద దండ వెయ్యనిస్తే మాత్రం నేను ఊరుకోను. చెబుతున్నా.

గుండుసూది

•

ఏప్రిల్ 4

చెల్లెలికి,

విషయం: ట్రయల్ రూమ్ తలుపులు, క్షేత్ర పరిశీలన.

నీ లేఖలోని ఆరోపణలు తీవ్రమైనవి కనుక ధ్రువీకరణ నిమిత్తం స్వయంగా దుకాణానికి వెళ్ళాను. ఒక చొక్కా చేతపట్టుకుని ట్రయల్ రూమ్‌లో ప్రవేశించాను. మూలన చెక్క ఉన్నది. దాని మీద కూర్చున్నాను. మోకాళ్ళు ఎదుటి తలుపుకు తగులుతాయి. తలుపు కింది భాగం కోసి ఉన్నది. రంపం పళ్ళ గుర్తులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చిత్రిక పట్టించే ఖర్చు కూడా పెట్టలేదు. పైన గాలి రావడానికి జానెడు ఖాళీ మొదటి నుంచీ ఉన్నది. కింద గాలి అవసరం ఎవరి పాదాలకు కలిగిందో రికార్డుల్లో లేదు.

నీ ఆరోపణ రుజువైనది.

బయటికి వచ్చేసరికి ఓనరు ఎదురయ్యాడు. “చొక్కా సరిపోయిందా సార్?” అన్నాడు. సరిపోలేదన్నాను. మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని అడిగాను.

“కూర్చుంటే మనిషి మెత్తబడిపోతుందండీ. మెత్తబడ్డ మనిషి బేరం వదిలేస్తుంది. మీ అమ్మగారినే తీసుకోండి, ఒక్కరోజు కూర్చున్నారా? అంకితభావం అంటే అదీ!”

“కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదో తెలుసుకున్నాను,” అన్నాను. ఆయన దానిని ప్రశంసగా స్వీకరించాడు.

గొలుసు విషయం. ఒకసారి రక్షిత స్మారకమైనదానిని మామూలు బెంచీగా మార్చాలంటే పాలకవర్గం సమావేశం తీర్మానించాలి. వచ్చే సమావేశం ఎజెండా నిండిపోయినది. ఆ తరువాతి సమావేశం తేదీ నిర్ణయించడానికే ఒక సమావేశం కావాలి. నియమాలు తెలిసినవాడు కట్టించిన గొలుసు కనుక అంత గట్టిగా ఉన్నది. విప్పడానికీ అటువంటివాడే కావాలి. ఆ పనిలోనే ఉన్నాను.

ఓనరు ప్రతిపాదనకు, అనగా కోటును ఫ్రేములో పెట్టి ఆవిష్కరించుటకు, కుటుంబం తరఫున సమ్మతి తెలిపాను. ఒక షరతు ఉన్నది. అది సంతకాలతో ఖరారయ్యే వరకు ఎవరికీ, నీకు సైతం, వెల్లడించుట విధానం కాదు. కార్యక్రమం ఈ నెల ఇరవై అయిదున. రాగలవు.

ఇట్లు,
అన్నయ్య

•

ఏప్రిల్ 9

అయ్యా సీనియర్ అసిస్టెంటు గారికి,

సమ్మతి తెలిపారా? చాలా సంతోషం. తలుపులు కోయించినవాడి చేత్తోనే కోటుకి దండ వేయిస్తున్నారు. రంపం కూడా పక్కన ఫ్రేము కట్టించి పెట్టమనండి, జంటగా ఉంటుంది.

షరతట! ఏమిటా షరతు? మీ పేరు ఆహ్వానపత్రంలో పెద్దక్షరాలతో వేయాలనా? ముందు వరుసలో కుర్చీ కావాలనా? కావాలి మరి, మన ఇంట్లో అమ్మ ఒక్కతే కదా నిలబడాల్సింది.

నేను రాను. సెలవు దొరక్క కాదు. వస్తే నలుగురిలో నోరు పారేసుకుంటాను, అమ్మకది నచ్చదు. మీ బావ ‘పోనీలే, పెద్దవాడు, ఏదో ఆలోచించే ఉంటాడు’ అంటున్నాడు. ఆయన నక్షత్రాలకి పేర్లు పెట్టే మనిషి, ఏమైనా అంటాడు.

ఇకపై నాకు ఉత్తరాలు రాయనక్కర్లేదు. రాస్తే మాత్రం చదవకుండా చింపేస్తాను. చివరి దాకా చదివి చింపే రోజులు అయిపోయాయి.

మీ చెల్లెలు అనబడే మనిషి

•

ఏప్రిల్ 27

చెల్లెలికి (చింపే ముందు),

విషయం: కార్యక్రమ నివేదిక.

షరతు ఏమిటని అడిగావు. ఇప్పుడు సంతకాలు పూర్తయినవి కనుక వెల్లడించుటకు అభ్యంతరం లేదు.

పార్కుల నిబంధనలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. పాలకవర్గం తీర్మానం లేనిదే రక్షిత స్మారకం స్థాయి తగ్గించరాదు. కానీ ప్రజలకు కనిపించే మరొక చోటికి తరలించవచ్చు. అక్కడివారు దానిని కాపాడతామని రాసి ఇవ్వాలి. తరలించేటప్పుడు గొలుసు, స్తంభాలు, బోర్డు పార్కు ఆస్తి కనుక పార్కులోనే ఉండిపోతాయి. ఈ చివరి వాక్యాన్ని నేను రెండోసారి కూడా చదివాను.

కోటు ఫ్రేము కింద అమ్మ బెంచీ కూడా ఉంటేనే మా సమ్మతి అని ఓనరుతో అన్నాను. ఆయన పరమానందభరితుడయ్యాడు. కస్టమర్ల సోఫా చిరిగిపోయి ఉన్నదట. బెంచీ ఊరికే వస్తున్నదట. ‘బెంచీని, దానిపై ఉండు ఫలకాన్ని, దుకాణం ఉన్నంత కాలం మార్చకుండా, తొలగించకుండా, ఫలకంలో రాసినది పాటిస్తూ కాపాడగలను’ అని నేను తయారుచేసిన పత్రం మీద చదవకుండా సంతకం చేశాడు. చదవమని నేను కోరాను. “మీరు రాసింది నేను చదవాలా సార్!” అన్నాడు. ఆ తరువాత ఇత్తడి ఫలకం మార్పించాను. దానికి గుడ్డ కప్పి ఉంచాను.

ఇరవై అయిదున వర్తక సంఘం అధ్యక్షుడు, చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు, పత్రికవాళ్ళు ఇద్దరు, బేరానికి వచ్చి ఇరుక్కుపోయిన కస్టమర్లు చాలామంది. ఓనరు ప్రసంగించాడు. అమ్మ ఆ సంస్థకు నిలువెత్తు స్తంభం అన్నాడు. స్తంభాలు కూర్చోవు కనుక ఆయన నిజాయితీని శంకించడానికి లేదు. కోటు ఫ్రేము తెర తీశారు. కోటు ఇస్త్రీ చేయించారు. మోచేతుల దగ్గర అమ్మ మడతలు పోయినవి. ఆ సమయంలో నేను కొంతసేపు పైకప్పు వైపు చూశాను.

తరువాత బెంచీ. ఓనరు గుడ్డ లాగి, మైకు పట్టుకుని, ఫలకాన్ని తనే గంభీరంగా చదివాడు:

“ఈ దుకాణంలో నిలబడి పనిచేసేవారు కూర్చోవడానికి ఈ బెంచీ...”

అక్కడ ఆగాడు. మైకులో ఆయన ఊపిరి అందరికీ వినపడింది. వర్తక సంఘం అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని, “కానివ్వండి, బావుంది, నేను చదువుతా,” అని మైకు తీసుకుని మిగతాది పూర్తి చేశాడు:

“కూర్చున్నవారిని ఎవరూ లేపరాదు. ఇట్లు, ఇక్కడ ముప్పై ఏళ్ళు నిలబడిన మనిషి పిల్లలు.”

చప్పట్లు కొట్టారు. కస్టమర్లు ముందు కొట్టారు. అధ్యక్షుడు ఓనరు చెయ్యి పట్టుకుని ఊపుతూ, “ఎంత పెద్ద మనసయ్యా నీది! మా షాపులో కూడా వేయిస్తా,” అన్నాడు. పత్రికవాళ్ళు ఫోటో తీశారు. ఫోటోలో ఓనరు నవ్వుతున్నాడు. మరునాడు అది అచ్చయింది. కనుక ఆ బెంచీ తీసే దారి ఆయనకు లేదు.

ఇంతవరకు విజయం. ఇక మిగిలిన సంగతి కూడా నివేదించాలి.

మరునాడు మధ్యాహ్నం వెళ్ళి చూశాను. బెంచీ ఖాళీగా ఉన్నది. అమ్మాయిలు దాని చుట్టూ నడుస్తున్నారు, తడి నేలను తప్పుకున్నట్టు. ఓనరు గల్లాపెట్టె దగ్గర కూర్చుని అటే చూస్తున్నాడు. పిచ్చుక కౌంటరుకు నడుం ఆనించి, ఒక కాలు మీద బరువు పెట్టి, కాసేపటికి రెండో కాలు మీదికి మారుస్తున్నది.

“ఏమ్మా, కూర్చోవచ్చు కదా? రాసి ఉన్నది కూడా,” అన్నాను.

“రాసి ఉంది సార్. కానీ ముందు ఎవరు కూర్చుంటారు? ముందు కూర్చున్నదాని మొహం ఆయనకి గుర్తుండిపోతుంది. కాన్పయ్యాక నాకు మళ్ళీ ఈ పని కావాలి,” అన్నది. ఆ తరువాత నన్ను పరకాయించి చూసి, “మీరు ఆ గొలుసు సారే కదూ?” అన్నది. అవునన్నాను. “పోనీ మీరు కూర్చోండి,” అన్నది.

నేను ఆ దుకాణంలో పనిచేసేవాడిని కాను. ఫలకం ప్రకారం అనర్హుడిని. ఆ ఫలకం రాసినవాడే దానిని ఉల్లంఘిస్తే ఓనరుకు అంతకంటే కావలసినది లేదు. నిలబడే ఉన్నాను.

ఇకపై ఏం చేయాలో నాకు ఏ నిబంధనలోనూ కనపడలేదు. నీకు తోచినది చెప్పగలవు.

అన్నయ్య

•

మే 1

గెజిట్ అన్నయ్యా,

చింపలేదు. చింపుదామనే తీశాను. ‘చింపే ముందు’ అని రాశావు కదా, అక్కడ పడిపోయాను.

షరతు ఇదని ఒక్క ముక్క రాసి ఉంటే నా అరుపు కొంత మిగిలేది. విధానం కాదట! మైకులో వాడి ఊపిరి వినపడిందన్న చోట గట్టిగా నవ్వాను. క్యూలో ఉన్నవాళ్ళు ‘ఏమైందమ్మా’ అన్నారు. మా అన్నయ్య మనిషయ్యాడని చెప్పాను. అమ్మ మడతలు పోయాయన్న చోట మళ్ళీ ‘సాంకేతిక లోపం’ బోర్డు పెట్టాను. ఈసారి లోపం నాదే.

నాకు తోచింది చెబుతా. నువ్వు కూర్చోకూడదు. నేనూ కూర్చోకూడదు. పిచ్చుక ముందు కూర్చోలేదు, పాపం, దాని భయం దానిది. కానీ ముందు కూర్చోవలసిన మనిషి ఇంకొకరున్నారు, ఆవిడ ఆ షాపులో పనిచేసిన మనిషే.

ఈ ఉత్తరంతో పాటు పార్సిలు పంపుతున్నాను. ఎవరికీ ఇవ్వనన్నాను కదా, నీకూ ఇవ్వడం లేదు. తీసుకెళ్ళి బెంచీ కింద పెట్టు. బయటికి కనపడేలా, మడమలు లోపలికి, వేళ్ళు బయటికి, మనిషి కూర్చుని వదిలినట్టు. ఓనరు ఇన్నేళ్ళూ పనివాళ్ళ మొహాలు చూడలేదు, తలుపుల కింద చెప్పులే చూశాడు. నీ ఇత్తడి ఫలకం ఆయన చదవలేడు. ఇది చదవగలడు.

జాగ్రత్త. నీలం దారం లూజుగా ఉంది, లాగకు.

గుండుసూది

•

మే 6

చెల్లెమ్మా,

చెప్పులు చేరినవి. రసీదు ఇవ్వడం లేదు.

నువ్వు చెప్పినట్టే పెట్టాను. దారం లాగలేదు. మధ్యాహ్నం ఓనరు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి, అటూ ఇటూ తిరుగుతూ, అలవాటు చొప్పున కిందికి చూసుకుంటూ వచ్చాడు. బెంచీ దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడు. చెయ్యి దానంతట అదే పైకి లేచింది, వేలు మడిచి ఉన్నది. తట్టడానికి అక్కడ తలుపు లేదు.

“ఎవరివి ఇవి?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు పిచ్చుక కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చింది.

“అమ్మగారివి సార్. కూర్చున్నారు.”

ఆయన కోటు వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు. కస్టమర్లు చూస్తున్నారని గమనించి, గల్లాపెట్టె దగ్గరకు వెళ్ళి అటువైపు తిరిగి కూర్చున్నాడు.

పిచ్చుక తన చెప్పులు విడిచి అమ్మ చెప్పుల పక్కన పెట్టింది. అమ్మకి చోటు వదిలి, కాస్త జరిగి, కూర్చుని, రెండు కాళ్ళూ పైకి పెట్టుకున్నది. ఆ తరువాత ఇంకొకమ్మాయి వచ్చింది. ‘జరగవే’ అన్నది.

నేను పక్కనే నిలబడి చూశాను. ఫలకం ప్రకారం నేను చేయదగినది అంతే.

అన్నయ్య